రెండు దారాల వెనక దీపం

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో సాయంత్రాలకు ఒక రంగుండేది. బొగ్గుపొయ్యిల పొగ, బర్రెలు రేపిన దుమ్ము కలిసి వీధికి పల్చటి తెర కట్టేవి. ఆ తెరలోంచి డ్యూటీ దిగినవాళ్లు నల్లటి ముఖాలతో వచ్చి మా అమ్మ హోటల్లో కూర్చునేవాళ్లు. హోటల్ అంటే బొగ్గుగని, మా మాటల్లో బొగ్గుబాయి, గేటు ఎదుట నాలుగు తడికెలు, రెండు బల్లలు. నాన్న పోయాక మమ్మల్ని బతికించింది అదే.

ఒక ఏడు ఆ బాయిలో బొగ్గు అయిపోవచ్చిందన్నారు. పనివాళ్లను వేరే బాయిలకు పంపుతుంటే బల్లలు ఖాళీ అయ్యాయి. అమ్మ బెంగ పెట్టుకుంది. సలహా ఇవ్వడానికి ఎవరికేం పోయింది? కిరాణం పెట్టమన్నారు, చీరలు అమ్మమన్నారు, మిఠాయి చెయ్యమన్నారు. అమ్మకు అన్నీ బాగానే తోచాయి. చూస్తుండగానే పొయ్యి పక్కన అరువు తెచ్చిన చీరల మూట, ఉప్పు బస్తా చేరాయి.

అమ్మ వాళ్ల నాన్న, మా తాతయ్య, బాయి లోపల సొరంగం వంకరపోకుండా దారాలు కట్టే పనిలో ఉండేవాడు. ఆయన సలహా ఏమీ ఇవ్వలేదు. ఒక మునిమాపు వసారా దూలానికి రాయి కట్టిన దారం వేలాడదీసి, నా చేతికి లాంతరిచ్చి గోడ దగ్గరికి పంపాడు. "ఒక కన్ను మూసి సూడు బిడ్డా, దీపం దారానికి సూటిగ రావాలె," అన్నాడు అమ్మతో. నేను ఎక్కడ నిలబడినా అమ్మ తల కాస్త జరిపితే చాలు, దీపం దారం వెనకే ఉండేది. నాకది ఆట. ఆ పొగమసకలో గోడ పొడవునా తేలిపోతున్నట్టు తిరిగాను.

అప్పుడు తాతయ్య మొదటి దారానికి కాస్త అవతల రెండో దారం కట్టాడు. రెండు దారాలూ ఒక్కటిగా కనబడేలా చూస్తే దీపానికి గోడ మీద ఒక్క చోటే మిగిలింది. "కదలకు బిడ్డా," అంది అమ్మ నాతో.

"బాయిల గిట్లనే. ఒక్క దారంతోని తవ్వితే ఎటువడితే అటు పోతం. మరి నీ రెండు దారాలు ఏవి?" అని అడిగాడు తాతయ్య.

అమ్మ ఒక కన్ను మూసి దారాల వెంట మళ్లీ చూసింది. నా చెయ్యి లాగుతోంది, అయినా లాంతరు దించలేదు.

"డ్యూటీ దిగినోళ్ల ఆకలి ఒకటి. నా చేతి వంట ఒకటి," అంది చివరికి. "చీరలు గా సూటికి రావు నాయినా."

మర్నాడే మూట, బస్తా ఇచ్చినవాళ్లకు తిరిగిచ్చేసింది. నది అవతల నస్పూర్ వైపు కొత్త బాయి తవ్వుతుంటే, గేటు కూడా పెట్టకముందే అక్కడ మా తడికెలు వేసింది. మొదట్లో తినేవాళ్లు లేక మా ఉప్మా మేమే రెండు పూటలా తిన్నాం. అమ్మ గుడ్ల నీరు కుక్కుకుందే గానీ చీరల మాటెత్తలేదు. తర్వాత బాయిలో పని మొదలై, ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగే సైరన్ మోగింది. నల్లటి ముఖాలు మళ్లీ మా వైపు నడిచొచ్చాయి. ఒకాయన దూరం నుంచే "అక్కా, చాయ్!" అని కేకేశాడు. అమ్మ పొయ్యి వైపు తిరిగి ఏడ్చింది.

ఆ హోటల్ ఇప్పుడు ఫ్యాక్టరీలకు భోజనాలు పంపే సంస్థ అయింది. ఏటా మా పిల్లలు కొత్త ఆలోచనలతో నా ముందు కూర్చుంటారు. ఫంక్షన్ హాలంటారు, బట్టల షోరూమంటారు. అన్నీ బాగానే ఉంటాయి. వింటూ వింటూ నాకు తెలియకుండానే ఒక కన్ను మూస్తాను. ముసల్దానికి నిద్రొచ్చిందని నవ్వుకుంటారు. నాకు మాత్రం దారాల అవతల అమ్మ కనిపిస్తుంది. "కదలకు బిడ్డా," అంటుంది. చెయ్యి ఇంకా లాగుతూనే ఉంటుంది, నేను లాంతరు దించను.