ఉప్పుటేటి పీతల రైలు ప్రయాణం

ముందే ఒప్పుకుంటున్నాను: నేను చెప్పే పీతల సైజును నాలుగుతో భాగించుకోండి, నా ధైర్యాన్ని పదితో.

1936. చెన్నపట్నంలో ఒక బయాలజీ లాబొరేటరీకి ప్రాణుల్ని సేకరించి చేర్చడం నా ఉద్యోగం. మకాం ఏలూరు. మా ప్రొఫెసరుగారికి పీత కాలిలోని నెర్వ్ కావాలి. నెర్వ్ అంటే ఒంట్లో తంతి తీగ లాంటిది; కబుర్లన్నీ దాని మీదుగానే నడుస్తాయి. పీత ప్రాణంతో చేరితేనే ఆ తీగ పలుకుతుంది. కొల్లేటి నీళ్లను సముద్రానికి చేర్చే ఉప్పుటేటి ఒడ్డున పల్లకీలంత పీతలు కొని, కుండల నిండా ఆ నీళ్లే పోసి రెండుసార్లు రైలెక్కించాను. రెండుసార్లూ శవాలే దిగాయి. "ఈసారీ చచ్చినవే తెస్తే, నువ్వు తిరిగి రానక్కర్లేదు" అని ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.

మూడోసారి కుండలు నింపుతుంటే, పీతలు అమ్మే సూరమ్మ తొంగిచూసింది.

"ఏవండీ బాబుగారూ, నీళ్లెందుకండీ?"

"నీళ్లలో పుట్టిన ప్రాణి కదా సూరమ్మా."

"కదలని నీళ్లలో ఊపిరాడక చస్తాయండీ! మీరే చంపి మోసుకెళ్తున్నారన్నమాట. పులుసుకైతే పర్లేదు లెండి."

అని ఆవిడ నవ్విన నవ్వుకు ఆకివీడు రేవులో కట్టేసిన పడవలు ఊగాయి.

ఆవిడ కుండలు బోర్లించింది. పీతల పట్టుకారు కాళ్లు నారతో కట్టి, బుట్టలో తడి గోనె పరిచి, వాటిని పేర్చి, పైన నాచు కప్పింది.

"గోనె ఆరనివ్వకండి. ముంచారో, మళ్లీ మొదటికొస్తారు."

"దీనికేం ఇమ్మంటావు?"

"ఏమీ వద్దండీ. బతికి చేరితే మాత్రం, కట్టింది సూరమ్మని మీ పెద్దయ్యగారితో చెప్పండి."

ప్రతి స్టేషన్లోనూ దిగి గోనె తడిపాను. పక్కనున్న పెద్దమనిషి "బుట్టలో ఆ గరగర ఏమిటండీ?" అంటే, "మా మామగారి గడియారాలండీ" అన్నాను.

లాబొరేటరీలో మూత తీస్తే అన్ని పీతలూ నురగలు కక్కుతూ నన్ను కోపంగా చూశాయి. ప్రొఫెసరుగారు నెర్వుకు కరెంటు తగిలించగానే, తెగిన కాలు టక్కున ముడుచుకుంది.

"ఈ ప్యాకింగు ఎవరు నేర్పారోయ్?"

"సూరమ్మండీ" అన్నాను. ఆయన టోపీ తీసి మరీ ఆ పేరు నోటుబుక్కులో రాసుకున్నారు.

పల్లకీలు, పడవలు అతిశయోక్తులు. గడియారాల మాట నిజంగానే అన్నాను. అబద్ధం ఒక్కటే, సూరమ్మ పేరు చెప్పానన్నది: ఆయన అడిగినప్పుడు నేను నిజానికి అన్నది "నాకే తట్టిందండీ" అని. ఉద్యోగం నిలిచింది. మళ్లీ ఉప్పుటేటికి వెళ్తే, సూరమ్మ బుట్ట దించకుండానే అడిగింది: "చెప్పారాండీ?"

"చెప్పాను" అన్నాను. ఆ రోజు నాకు పెద్ద పీతలు ఏరి ఇచ్చింది.

ప్రాణి సంగతి దానితో బతికేవాళ్లని అడగాలి. అడిగాక వాళ్ల పేరు చెప్పాలి. మొదటిది ఆ ఏడే నేర్చుకున్నాను. రెండోది ఇదిగో, ఈ కాగితం మీద.