మాణిక్యమ్మ తీసిన తాళం

మాణిక్యమ్మ గొంతు పెద్దది. రేపల్లె దగ్గర నగరం అనే ఊరి అవతల, ఆ శివారు గూడెంలో ఆవిడ పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే కాలవ అవతల ఊళ్లో రైతులకి వినపడేది. గొంతు పెద్దదే గానీ మనిషి వెన్న. ఏ పిల్లాడి మీదా బెత్తం ఎత్తిన పాపాన పోలేదు. "బెత్తం లేకుండా చదువెట్టా వస్తది అమ్మాయ్?" అని ముసలాళ్లు వేళాకోళం ఆడితే, "బెత్తంతో మీకేం వచ్చింది బాబాయ్, వేలిముద్రేగా" అనేది. వాళ్లే ముందు నవ్వేవాళ్లు.

బాపట్లలో ట్రైనింగయ్యాక మిషను వాళ్లు ఆవిణ్ణి సొంత గూడెంలోనే బడికి వేశారు. బడికి వేరే గది లేదు. ఆదివారం చర్చి, మిగతా రోజులు బడి, ఒకటే తలుపు, దాని తాళంచెవి మాణిక్యమ్మ కొంగున. మొగుడు బాలస్వామి పొలం కూలి, చర్చిలో పెద్ద. ఒక్కగానొక్క కొడుకు ప్రకాశరావు.

ఒక ఎండాకాలం తెనాలిలో శాంతి శిబిరం పెడితే మాణిక్యమ్మ వెళ్లొచ్చింది. వచ్చాక శనివారం మధ్యాహ్నాలు పిల్లలకి శాంతి తరగతి మొదలెట్టింది. అందులో పాఠాలూ లేవు, పరీక్షలూ లేవు. వారంలో ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పుకోవాలి. కొట్టినవాడు దెబ్బ తిన్నవాడిలా, తిన్నవాడు కొట్టినవాడిలా ఆడి చూపించాలి. ఆడుతూ ఆడుతూ ఇద్దరూ ఏడ్చేవాళ్లు. "ఒంటిచేత్తో చప్పట్లు మోగవర్రా. మన చెయ్యి మనం వెనక్కి తీసుకుంటే ఇంక గొడవెక్కడిది?" అనేది ఆవిడ. ఆ మాట మనసారా నమ్మింది, అదీ వచ్చిన చిక్కు.

ఊళ్లోంచి ఆ తరగతికి వచ్చింది ఒకే ఒక్కడు. చెంచురామయ్య గారని పెద్ద రైతు, ఆయన కొడుకు బసవేశ్వరరావు. వాడి దుడుకు భరించలేక తల్లి రంగమ్మే పంపేది. "నీ దగ్గరన్నా కుదురుతాడేమో చూడు మాణిక్యం" అంది. ఊరంతా ముక్కున వేలేసుకున్నా రంగమ్మ లెక్కచెయ్యలేదు. బసవేశ్వరరావూ, ప్రకాశరావూ ఒకే చాప మీద కూర్చుని పెరిగారు. పెద్దయ్యాక ఒకడు తెనాలి కాలేజీకి పోయాడు, ఇంకొకడు తండ్రితో పాటు కూలికి పోయాడు. ఎంత చాప పరిచినా తేడా తేడానే కదా.

అరవై ఎనిమిదిలో పంట బ్రహ్మాండంగా పండింది. కోతకూలికి గింజలు పెంచమని గూడెం అడిగింది. పెంచం, బయటినుంచి మనుషుల్ని దింపుకుంటాం అన్నారు రైతులు. రోజూ కాలవగట్టు మీద తిట్లు, తోపులాటలు.

ఆ గూడెంలో ఒక ఆనవాయితీ ఉంది. కోతలకి ముందు ఆదివారం అందరూ కొడవళ్లకి కక్కు కొట్టించి, పదును చేయించుకుని చర్చికి తెస్తారు. ప్రభువు బల్ల ముందు పెట్టి ప్రార్థన చేసి, ఎవరిది వాళ్లు ఇంటికి పట్టుకుపోతారు. ఆ ఏడు ప్రార్థనయ్యాక మాణిక్యమ్మ లేచి, "ఈసారి పట్టుకెళ్లొద్దు. కూలి తేలేదాకా ఇక్కడే ఉండనిద్దాం. మన చేతుల్లో ఇనుము లేదని తెలిస్తే వాళ్లు మాత్రం ఎందుకొస్తారు?" అంది. మగాళ్లు గొణిగారు. బాలస్వామి చేతిలోకి తీసుకున్న కొడవలి మళ్లీ కిందపెట్టి బయటికి నడిచాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ ఖాళీ చేతులతో నడిచారు. మాణిక్యమ్మ తాళం వేసింది. ఆ సంగతి రంగమ్మకి చెప్పొచ్చింది కూడా. "మా వాళ్లకి నేను చెప్తాలే" అంది రంగమ్మ. చెప్పే ఉంటుంది, విన్నదెవరు?

ఊళ్లో కుర్రకారుకి ఆ కబురు ఇంకోలా చేరింది. కొడవళ్లు దాచుకున్నారంటే గూడెం భయపడిందన్నమాట, ఇదే అదను అనుకున్నారు. పట్టపగలే కర్రలేసుకొచ్చారు. గూడెం మొదట్లో బాలస్వామి చేతులు జోడించి నిలబడ్డాడు. "బాబూ, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడంతే. తల మీద పడింది దెబ్బ. బండిలో రేపల్లె ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

సమాధి చేసి మట్టి చేతులతోనే మగాళ్లంతా చర్చి దగ్గరికొచ్చారు. మాణిక్యమ్మకి ఆడపడుచు వరసయ్యే పుల్లమ్మ ఆవిడ భుజం పట్టుకుని ఏడ్చింది. "ఒంటిచేత్తో మోగవన్నావు వదినా. మోగింది చూశావా?" అంది. ప్రకాశరావు ఏడవలేదు. "అమ్మా, తాళంచెవి ఇయ్యి" అన్నాడు.

నిజం చెప్పాలంటే, ఇవ్వను అంటే సరిపోయేది. ఆవిణ్ణి కాదని ఆ తలుపు విరగ్గొట్టే మగాడు ఆ గూడెంలో లేడు. మాణిక్యమ్మ కాసేపు తలుపు చూసింది, కొడుకుని చూసింది. కొంగు ముడి విప్పి తన చేత్తోనే తాళం తీసింది.

దాడికొచ్చిన వాళ్లంతా అప్పటికే పొరుగూళ్లకి జారుకున్నారు. ఆ పొద్దుటిదాకా తెనాలిలో ఉన్న బసవేశ్వరరావు, సంగతి తెలిసి పంతులమ్మని పలకరిద్దామని గట్టు మీద గూడెం వైపు వస్తున్నాడు. వీళ్లకి ఎదురుపడింది అతనొక్కడే. అతని మీద మొదట పడింది ప్రకాశరావు కొడవలే. పోలీసులు ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది, చంపింది నేనేనని ప్రకాశరావే చెప్పాడు. యావజ్జీవం వేశారు. బాలస్వామిని కొట్టిందెవరో మాత్రం ఎవరికీ కనపడలేదట. ఊరందరికీ ఆ రోజే చత్వారం వచ్చింది మరి.

రేపల్లె కోర్టు దగ్గర రంగమ్మ ఎదురైంది. శాపనార్థాలు పెడుతుందనుకుంది మాణిక్యమ్మ. పెట్టినా బాగుండేది. "మా వాడి చేతిలో చిన్న కర్రన్నా లేదు మాణిక్యం. కర్ర పట్టొద్దని నేర్పింది నువ్వేగా" అని వెళ్లిపోయింది.

తాళం ఎందుకు తీశావని అడగనివాళ్లు లేరు. పాస్టరుగారు అడిగారు, తెనాలి శిబిరం పెద్దలు అడిగారు. అందరికీ ఒకటే జవాబు. "కొడవళ్లు వాళ్ల తిండిగింజలండి. నమ్మి ఇచ్చారు, అడిగితే ఇచ్చేశాను. బలవంతాన దాచడం కూడా హింసే కదండి." పెద్దలు తలలూపారు. అంత కష్టంలోనూ సూత్రం తప్పలేదని మెచ్చుకుని, బాపట్లలో సభ పెట్టి మాట్లాడించారు. చప్పట్లు కొట్టారు. ఆవిడ వేదిక మీద తల వంచుకుని కూర్చుంది. శనివారం తరగతి మానలేదు. పిల్లలు పల్చబడ్డారు, ఊళ్లోంచి మళ్లీ ఎవరూ రాలేదు.

వీలైనప్పుడల్లా కొడుకుని చూడ్డానికి రాజమండ్రి జైలుకి పోయేది. రేపల్లెలో పాసింజరెక్కి, తెనాలిలో బండి మారి, ఒళ్లో అరిసెల డబ్బాతో. కటకటాల అవతల ప్రకాశరావు ముక్తసరిగా మాట్లాడేవాడు. తిన్నావా, తిన్నాను. దగ్గు తగ్గిందా, తగ్గింది. ఏళ్ల తరబడి అంతే. డెబ్భై అయిదులో ఒకసారి, ముప్పై దాటకుండానే నెరుస్తున్న జుట్టు చేత్తో వెనక్కి తోసుకుంటూ అడిగాడు.

"అమ్మా, ఆ రోజు తాళం ఎందుకు తీశావు?"

మాణిక్యమ్మ నోట్లోకి అలవాటైన జవాబే వచ్చింది. సగం అని ఆపేసింది. కన్నకొడుకు దగ్గర ఆ మాట చెల్లలేదు.

"అదంతా ఉత్తదిరా నాన్నా. మీ నాన్న మీద మట్టి వేసొచ్చాను. ఎవడో ఒకడు చావాలనిపించింది. నాకే అనిపించింది. ఎవడైనా సరే అనుకున్నాను, అందుకే తీశాను."

పక్కన ఇంకెవరో వాళ్లవాళ్లతో గట్టిగా మాట్లాడుకుంటున్నారు.

"ఈ మాట అప్పుడే చెప్పుండాల్సిందమ్మా" అన్నాడు ప్రకాశరావు. "ఇన్నాళ్లూ మనింట్లో నేనొక్కణ్ణే చెడపుట్టాననుకున్నాను."

ఆవిడ కటకటాల్లోంచి చెయ్యి పెట్టబోయింది. టైమైందని వార్డరు అతన్ని లోపలికి తీసుకుపోయాడు.