పాడు అని రాసిన డబ్బా

పోయిన వారం నా ఫోను నిండిపోయింది. స్థలం లేదు, పాత ఆడియో ఫైళ్లు తీసేయమంటారా అని తెరమీద అడిగింది. కింద రెండు మాటలున్నాయి, ఏదో ఒకటి నొక్కితే చాలు. నా బొటనవేలు గాలిలోనే ఆగిపోయింది. తల సగం నెరిసినవాణ్ని, బతుకంతా యంత్రాల మధ్య గడిపినవాణ్ని, ఇంత చిన్న ప్రశ్నకు తటపటాయించడం చూసి ఇంట్లోవాళ్లు నవ్వుకున్నారు. నాకు మాత్రం పెనుకొండలో ఒక గది, ఆ గది కిటికీ కింద నా చేతిరాతతో ‘పాడు’ అని రాసిపెట్టిన అట్టడబ్బా కళ్లముందుకొచ్చాయి.

అవి రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి, హిందూపురంలో ఒక ఫ్యాక్టరీలో మరమ్మతుల పనికి చేరాను. తొంభైల్లో ఇంటింటా మోగిన టేపురికార్డర్లు అప్పటికే అటకెక్కుతున్నాయి, వాటి వెంట క్యాసెట్లూ ఎక్కుతున్నాయి. అంగట్లో కొన్న సినిమా పాటలు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు గానీ, ఊరి భజన, చర్చిలో పిల్లలు పాడిన క్రిస్మస్ పాటలు, గల్ఫుకు పోయిన మనిషి ఉత్తరం రాయలేక ఒక గంటసేపు మాట్లాడి పంపిన క్షేమసమాచారం, ఇవి లోకంలో ఒక్కొక్కటే ఉంటాయని మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. నాతో చదివిన ముగ్గురూ నేనూ కలిసి ఒక పాత టేపుడెక్కు, ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ సంపాదించి, ఆదివారాలు పెనుకొండలో కూర్చోవడం మొదలుపెట్టాం. అటు ధర్మవరం వాళ్లూ ఇటు హిందూపురం వాళ్లూ ప్యాసింజరు రైల్లో వచ్చి పోగలరని ఆ ఊరిని ఎంచుకున్నాం. తెచ్చిన క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కించి, సీడీ చేసి, రెండూ వాళ్ల చేతికే ఇచ్చేవాళ్లం. గది ఒక రైతుది. ఊరి బయట ఆయనకు ఒక సజ్జచేను ఉండేది.

ఏ పనికైనా జాబితా రాసుకోకపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. ఎవరి క్యాసెట్టు, అందులో ఏముంది, ఏ స్థితిలో ఉంది అని గీతలు కొట్టిన రిజిస్టరు ఒకటుండేది. దాని చివరి పేజీలో నా భయాలను కూడా వరుసగా రాసుకున్నాను. ఒకటి, రీలు మీద తెల్లటి బూజు. రెండు, పొరకు పొర అంటుకుపోవడం. మూడు, డెక్కు రీలును లోపలికి లాక్కుని నమిలేయడం. నాలుగు, ఎక్కిస్తుండగా కరెంటు పోవడం. పాత రీలు కొన్నిసార్లు ఒక్కసారే పలుకుతుంది, రెండోసారికి దానిమీది పూత రాలిపోతుంది. అందుకే మీట నొక్కే ముందు ప్రతిసారీ ఆ పేజీ ఒకసారి చూసుకునేవాణ్ని. ఎదురుగా క్యాసెట్టు తాలూకు మనుషులు చేతులు కట్టుకుని కూర్చుని, డెక్కును కాకుండా నా ముఖాన్ని చూస్తుండేవాళ్లు.

గదిలో మూడు అట్టడబ్బాలుండేవి. చేయాల్సినవి ఒకదాంట్లో, అయినవి ఒకదాంట్లో. ఇక పలకవని తేలినవాటిని, సొంతదారులు వద్దని వదిలేస్తే, మూడోదాంట్లో వేసేవాళ్లం. దానిమీద ‘పాడు’ అని రాశాను. వాటి పెట్టెలు పగిలిన క్యాసెట్లకు అక్కరకొచ్చేవి. రీలును గది ఆసామి తీసుకుపోయేవాడు. గుంజలు నాటి చేనికి అడ్డంగా కడితే ఎండకు తళతళలాడుతూ, గాలికి బుయ్యిమని మోగుతూ పిట్టల్ని కంకుల మీద వాలనిచ్చేది కాదు.

ఆ ఏడు మా మేనత్త కూడా సాయానికి రావడం మొదలుపెట్టింది. హిందూపురంలోనే కన్నడం మాట్లాడే ఇంటికి కోడలుగా పోయిన మనిషి, ఇంట్లో ఒక భాష, అంగట్లో ఒక భాష. మెత్తటి గుడ్డతో క్యాసెట్లు తుడిచి, అన్నీ పొందికగా సర్దిపెట్టేది.

ఆమె వచ్చిన రెండో ఆదివారమే ధర్మవరం నుంచి నాయన స్నేహితుడొకాయన వచ్చాడు. మగ్గం నేసే మనిషి, చిన్నప్పటి నుంచి మామా అని పిలిచేవాణ్ని. వెంట పదహారేళ్ల కూతురు. పట్టుగుడ్డ ముక్కలో చుట్టిన క్యాసెట్టును రెండు చేతులతో అందించాడు. భార్య ఆసు పోస్తూ, అంటే చీరకు పోగులు సిద్ధం చేస్తూ పాడుకున్న పాటలట. బిడ్డకు ఏడాది నిండకముందే ఆమె పోయింది.

“పదైదేండ్లాయ, ఎవరి మిషన్లోనూ పెట్టలేదప్పా. తినేస్తాదని భయం,” అన్నాడు మామ.

కూతురు తల వంచుకుని, “మాయమ్మ గొంతు ఎట్లుంటాదో నాకు తెలీదన్నా,” అంది.

వెలుతురుకు పెట్టి చూశాను. రీలు అంచున ఉప్పు చల్లినట్టు బూజు. నా జాబితాలో మొదటి భయం. ఆ రోజు డెక్కులో పెట్టే ధైర్యం చాలలేదు. తుడిచే మందు తెస్తాను, వచ్చే ఆదివారం రమ్మని చెప్పి, రిజిస్టరులో రాసి, పాటల క్యాసెట్టు జాగ్రత్తగా పెట్టమని అత్త చేతికిచ్చాను. ఏ డబ్బాలో అని చెప్పలేదు. అంతకంటే విడమరిచి చెప్పాల్సిన అవసరం తోచలేదు.

మళ్లీ ఆదివారం తండ్రీ కూతుళ్లు మొదటి రైలుకే దిగారు. నేను చేయాల్సినవాటి డబ్బా తీశాను. లేదు. అయినవాటిలో లేదు. మూడో డబ్బా వైపు చూస్తే అది అడుగు కనిపిస్తూ ఖాళీగా ఉంది. అత్తను పక్కకు పిలిచి అడిగాను.

“పాటల డబ్బాలోనే కదప్పా ఏసినా,” అంది అత్త. “నువ్వే రాసినావు కదా, పాడు అని.”

వాళ్లింట్లో పాటను హాడు అంటారు. ఆ మాటకు అలవాటుపడి పాడు అంటే పాటేననుకుని, పాటలకు నేను విడిగా ఒక డబ్బా పెట్టానని ఆమె మురిసిపోయింది కూడా. నేను రాసిన మాటలో ఉన్న రెండో అర్థం ఆ క్షణం దాకా నా తలకెక్కలేదు.

మామకు ఎలా చెప్పానో గుర్తులేదు. ఆయన పట్టుగుడ్డ ముక్క జేబులోంచి తీసి, మడతపెట్టి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆ మడతకు భయపడినంతగా నేను జీవితంలో దేనికీ భయపడలేదు.

తండ్రీ కూతుళ్లూ అత్తా నేనూ చేనికి పరిగెత్తాం. ఆసామి గట్టుమీదే ఉన్నాడు, మొహం వెలిగిపోతోంది. “మొన్ననే కట్టినా సూడప్పా, ఒక్క గువ్వ రాలేదు,” అన్నాడు. సజ్జ కంకుల మీదుగా ఐదారు క్యాసెట్ల రీలు, గుంజ నుంచి గుంజకు, అన్నీ ఒకే గోధుమరంగులో మోగుతున్నాయి. వాటిలో ఏదో ఒకటి ఆమె గొంతు. ఏదో తెలియదు. గాలి విసిరినప్పుడల్లా ఎక్కడ తెగుతుందోనని రీలు వైపు చేయి చాస్తున్నాను. అరవై నిమిషాల క్యాసెట్టులో దాదాపు తొంభై మీటర్ల రీలు ఉంటుందని నాకు తెలుసు, ముడత పడకుండా దాన్ని ఎలా చుట్టాలో మాత్రం తెలియదు. తొందరపడి ఒక కొస లాగాను, అది మెలిపడింది.

“లాగొద్దన్నా, నాకియ్యి,” అంది ఆ పిల్ల.

మగ్గం ఇంట్లో పుట్టిన పిల్ల. పోగు బరువు వేళ్లకు తెలుసు. బిగించకుండా, వదలకుండా, మెలి పడబోయిన చోట గోటితో సరిచేసుకుంటూ, ఖాళీ చక్రాల మీదికి చుట్టుకుంటూ పోయింది. తండ్రి గుంజల దగ్గర ముడులు విప్పాడు. అత్త కొంగు నడుముకు చెక్కి, కింద పడ్డ ముక్కలను ఏరింది. ఆ రోజు ఆమె పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆసామి తన పంట మీది కాపలా ఊడిపోతున్నా, సంగతి తెలిశాక, తానే గుంజలు వంచిపెట్టాడు.

ఆ తర్వాత మూడు ఆదివారాలు ముక్కలను అతికించాను. ఒక్కొక్కటీ డెక్కులో పెట్టినప్పుడల్లా భజనో, పెళ్లి సందడో, గరగరో వచ్చేది. నాలుగో ఆదివారం తండ్రీ కూతుళ్లు ఎదురుగా కూర్చుని ఉండగా, గరగర వెనక నుంచి ఆసు గుంజల చుట్టూ నడిచే అడుగుల చప్పుడు, దాంతోపాటు సన్నటి గొంతు వచ్చింది. మామ కళ్లు మూసుకుని తలూపాడు. పాట మధ్యలో ఒక పసిబిడ్డ ఏడ్చింది. పాట ఆగింది.

“ఏడవద్దు లేమ్మా. యాడికీ పోలేదు, ఈడనే ఉండా.”

మళ్లీ పాట అందుకుంది. ఆ పిల్ల తన చేతిని డెక్కు మీద పెట్టి, ఆ వైపు ముగిసేదాకా తీయలేదు.

పన్నెండు మీటర్లు దొరకలేదు. లెక్క కడితే ఒక్కో వైపు నాలుగు నిమిషాలు. చేనంతా రెండుసార్లు వెతికాం, గాలి ఎక్కడికి తీసుకుపోయిందో. ఆ రోజే మూడో డబ్బా తీసేశాను. రిజిస్టరు చివరి పేజీలో ఐదో అంకె వేసి, ‘నేను రాసే మాట’ అని రాశాను.

ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా గొంతులకు కరువు లేదు. నా ఒక్క ఫోనులోనే వేలున్నాయి, ఏది ఎవరిదో నాకే తెలియదు. నెలకోసారి ఫోను అడుగుతుంది, జనం చూడకుండానే నొక్కేస్తారు. పోతే పోనీ అనుకోగలగడం సుఖమే కావచ్చు. అప్పట్లో ఇంటికి ఒక్క గొంతే ఉండేది, దానికోసం పదిహేనేళ్లు భయపడి, పట్టుగుడ్డలో చుట్టి ఉంచేవాళ్లు.

నేను ‘వద్దు’ అని నొక్కాను. చేలల్లో రీలు కట్టడం కూడా మానేశారు, అంగళ్లలో రంగురంగుల మెరుపు నాడాలు దొరుకుతున్నాయి. అయినా రైలు పెనుకొండ దాటేటప్పుడు సజ్జచేలలో ఎక్కడైనా ఏదైనా తళుక్కుమంటే, ఇప్పటికీ సీట్లోంచి లేచి నిలబడతాను. ఒక్కో వైపు నాలుగు నిమిషాలు. ఆమె ఏం పాడిందో.