అంచున నిలబడ్డ బావ

ఆ రోజుల్లో నాకు కెమెరా పని కన్నా కెమెరా మీద మాటలు ఎక్కువ వచ్చేవి. హైదరాబాద్‌లో భవనాల ఫొటోలు తీసే ఒక ఉస్తాద్ దగ్గర కొత్తగా పనికి కుదిరాను. జహీరాబాద్‌లో మా బాపు కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకోగానే, ఉస్తాద్‌ను కాళ్ళావేళ్ళా పడి బతిమాలి ఆయన టెక్నికల్ కెమెరా తెచ్చాను. అందులో లెన్సును పైకీ పక్కకీ జరపవచ్చు, గోడలు వాలిపోకుండా నిటారుగా వస్తాయి. మా గల్లీ ఇరుకు, వెనక్కి జరగడానికి జాగా లేదు, కాబట్టి ఇల్లూ చుట్టాలూ ఒక్క ఫొటోలో పట్టాలంటే వెడల్పు లెన్సే గతి. (ఫోన్‌లో కూడా పడుతుందని మా చిన్నాన్న అన్నాడు. ఆ పూటంతా ఆయనతో నేను మాట్లాడలేదు.)

చిక్కు బావతో వచ్చింది. మా అక్క భర్త, న్యాల్‌కల్ దగ్గర కందీ శనగా పండించే మనిషి, అప్పటికే అలిగి ఉన్నాడు. బాపు తమ ఇంటికి వచ్చి బొట్టు పెట్టి పిలవకుండా ఫోన్‌కు కార్డు పంపడం ఆయనకు గుచ్చుకుంది. అల్లుడన్నవాడు నడుమ కుర్చీలో కూర్చోవాలి కదా, ఆయన పోయి వరుస చివర గేటు పక్కన నిలబడ్డాడు. "నడుమకొచ్చి కూసోరాదు బిడ్డా" అని అమ్మ ఎంత బతిమాలినా "నాకు గీడనే మంచిగున్నది" అని కదల్లేదు. నేను లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని బార్లా తెరిచి నొక్కాను. లాప్‌టాప్‌లో చూస్తే నడుమ బాపు మీసం వెంట్రుక వెంట్రుకగా ఉంది, అంచుకు పోయేకొద్దీ మనుషులు కరిగిపోయారు. బావకు ముఖం ఉందని నమ్మాలంతే.

"అందరు మంచిగున్నరు, నేనొక్కన్నే మసక. గీ ఇంట్ల నా లెక్క గిదే" అన్నాడు బావ, చెప్పులు వెతుక్కుంటూ. అక్క నన్ను పక్కకు లాగింది. "తమ్మీ, జర మంచిగ తియ్యి. గిప్పుడు పోయిండంటే మళ్ల గీ గడప తొక్కడు, నన్ను గూడ తొక్కనియ్యడు." ఆమె కళ్ళలో నీళ్ళు చూసి భయమేసి, ఇంకొక్క ఫొటో అని బావను మళ్ళీ గేటు దగ్గర నిలబెట్టాను.

మా నాయనమ్మ కళ్ళు చిట్లించి పేపరు చదివేది. అది చూసి, రంధ్రం ఎంత చిన్నదైతే బొమ్మ అంత పదునని నాకొక సిద్ధాంతం ఉండేది. నంబరు పెరిగితే రంధ్రం తగ్గుతుంది, అందుకని చిట్టచివరి ఇరవై రెండుకు తిప్పి, అందరినీ ఊపిరి బిగబట్టమని తీశాను. ఫొటోలో బావ ముఖం కొంత తేరుకుంది. అయితే బాపు మీసం మెత్తబడింది, నడుమవాళ్ళు కూడా బావ అంత మసకకు దిగారు. మనుషులు కదిలారు అనుకుందామంటే, ఇల్లు కదలదు కదా! అది కూడా మెత్తగానే ఉంది. (అంత సన్నటి సందులో దూరితే వెలుగు పక్కలకు చెదురుతుందని తరవాత చదువుకున్నాను.) బాపు "కొత్త ఇల్లు గిట్ల మబ్బువట్టిందేందిరా?" అని కసిరాడు. నాకు మాత్రం భయం పోయి ఆత్రం పట్టుకుంది. ఈ రెండు కొసల నడుమ ఏమవుతుంది?

అందరినీ భోజనాలకు పంపి, పేపరులో ఒక కాగితం నడుమ కుర్చీకి, ఇంకొకటి బావ నిలబడ్డ చోట గేటుకు అంటించి, ఒక్కో నంబరు దగ్గర ఒక్కో ఫొటో తీయసాగాను. చేయి కడుక్కుని వచ్చిన బావ అది చూశాడు. "ఏం బామ్మర్ది, నా జాగల పేపర్ నిలబెట్టినవా?" అన్నాడు. సంగతి చెప్పాను. ముందు మూతి ముడుచుకున్నాడు, తరవాత లాప్‌టాప్ మీదికి వంగాడు, ఆ తరవాత నా కుర్చీ లాక్కున్నాడు. "ఎనిమిదిల హెడ్డింగ్ వరకే చదవొస్తుంది. పదకొండు పెట్టు... అరె, సన్నక్షరాలు గూడ వస్తున్నయ్! పదహారుల మళ్ల జర మెత్తవడ్డది, చూసినవా?" గుమ్మంలో నిలబడి అక్క మా ఇద్దరినీ వింతగా చూస్తోంది.

అందరినీ మళ్ళీ నిలబెట్టి పదకొండు దగ్గరే చివరి ఫొటో తీశాం. ఇప్పుడైనా నడుమకు రమ్మంటే బావ రాలేదు, తను పరీక్ష చేసిన జాగా తనదేనట. అంచులు పదునెక్కాయి గానీ, వెడల్పు లెన్సు అంచున ఉన్నవాళ్ళను సాగదీస్తుంది, దానికి ఏ నంబరూ మందు కాదు. చువ్వలాంటి బావ ఫొటోలో నిండు మనిషిగా వచ్చాడు. ఇది చూసి మళ్ళీ అలుగుతాడు, ఇక నా పని అయిపోయిందనుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన దగ్గరికి వంగి చూసి, "ఏమే, నేను జర ఒళ్లు చేసిన గదా!" అని అక్కను పిలిచి, "అత్తగారింటి బువ్వ పట్టింది నాకు" అని మురిసిపోయాడు. అక్క నవ్వు ఆపుకోలేక లోపలికి పరుగెత్తింది. అప్పటి నుంచి బావ పిలుపు లేకున్నా వస్తున్నాడు.

ఇప్పుడు నా చేయి చూడకుండానే పదకొండుకు పోతుంది. పేపరు ముక్కల నడుమ అన్నం మరిచి తిరిగిన అప్పటి ఆ పిల్లవాడిని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం కుళ్ళు కూడా పుడుతుంది. వాడికింకా జవాబు తెలియదు, వెతుక్కునే సరదా మిగిలే ఉంది.