ఎట్ల కూసుంటవ్ అని అడిగే మామ

మా డాక్టర్ మామ పోయాడు. కొద్ది నెలల కిందట ఒక పొద్దున, గద్వాలలో, సొంత ఇంట్లో, చాయ తాగి కప్పు కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి అలాగే పోయాడు. గుండె బాగా లేదని మా అందరికీ తెలుసు, ఆయనకు మాకంటే బాగా తెలుసు. ఏ దవాఖానలోనో పైపుల మధ్య పోవాల్సి వస్తుందేమోనని భయపడుతూ ఉండేవాళ్లం. అలా కాలేదు. అందుకు ఇప్పటికీ నా మనసు తేలికగానే ఉంది.

అత్తమ్మ ఫోన్ చేసేసరికి నేను వనపర్తిలో బడికి బయల్దేరుతున్నాను. ఆమె గొంతులో ఏడుపు లేదు. "మీ మామ పోయిండు బిడ్డా. ఒళ్లు చెడకుండ కూలర్ పెట్టిన. నువ్వు హైదరాబాదోళ్లకు ఫోన్ చెయ్యి," అని పెట్టేసింది. వేరే ఎవరైనా వింటే రాతి గుండె అనుకుంటారు. కానీ ఆ మాటలు ఆ వరుసలో చెప్పమని నేర్పింది మామే. "నేను పోయినంక ఏడ్వకుండ్రి అని నేనెందుకంట? మస్తుగ ఏడ్వుండ్రి. ముందుగాల ఫోన్ చెయ్యుండ్రి," అనేవాడు.

ఆ ఫోన్ స్కిన్ బ్యాంకుకు. అదేమిటో చెప్పాలంటే ముందు మామ పని చెప్పాలి.

మామ ప్లాస్టిక్ సర్జన్. ఆ మాట వినగానే మా చుట్టాలకు సినిమా వాళ్ల ముక్కులే గుర్తొచ్చేవి. ఒక పెళ్లిలో దూరపు బంధువొకామె నా ముక్కు కూడా జర సక్కగ చెయ్యరాదా అని అడిగితే, "నీ ముక్కు మంచిగనే ఉన్నది, ఇంట్ల అద్దం మార్చు," అన్నాడు. ఆయన చేసింది ముక్కుల పని కాదు. కాలిన వాళ్లు, యంత్రంలో చెయ్యి పడిన వాళ్లు, పుండు మానక ఎముక కనిపించే వాళ్లు, వీళ్లకు ఒంట్లో ఒకచోట నుంచి చర్మం తీసి ఇంకోచోట వేసి అతికించడం ఆయన జీవితమంతా చేసిన పని. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానలో పనిచేస్తూ, నెలకోసారి గద్వాల వచ్చి ఇంటి వసారాలో కూర్చుని చుట్టుపక్కల ఊళ్ల వాళ్లను చూసేవాడు.

మా అమ్మ పుట్టిల్లు మగ్గాల ఇల్లు. మా పెద్దమామ, అంటే డాక్టర్ మామ వాళ్ల అన్న, ఇప్పటికీ గుంట మగ్గం మీద చీరలు నేస్తాడు. మామకు మాత్రం మగ్గం రాలేదు. చెయ్యి ఒకటి చేస్తే కాలు ఇంకొకటి తొక్కేదట. "మగ్గం రాకనే వీడు డాక్టర్ అయిండు, వస్తె మనిషి అవుతుండె," అని పెద్దమామ అందరి ముందూ అనేవాడు. మామ నవ్వేవాడు. అన్న ఏమన్నా నవ్వడం తప్ప ఆయనకు వేరే గతి లేదు, దానికి ఒక కారణం ఉంది.

మామ కొత్తగా సర్జన్ అయిన రోజుల్లో పట్టు నూలుకు రంగేస్తుంటే మరిగే బాన ఒరిగి పెద్దమామ ముంజేయి కాలింది. మామే ఆపరేషన్ చేశాడు. తొడ వెనక నుంచి చర్మం తీసి చేతికి వేశాడు. చెయ్యి చక్కగా మానింది. తోటి డాక్టర్లు మెచ్చుకున్నారు. పెద్దమామ ఇంటికొచ్చి మగ్గం గుంట అంచు మీద కూర్చోబోయి, కూర్చోలేక లేచాడు. గుంట మగ్గం మీద కూర్చునే వాడి బరువంతా తొడ వెనకే ఉంటుంది. చర్మం తీసిన చోటు సరిగ్గా అదే. అంచు రాసుకుని అది మళ్లీ మళ్లీ పచ్చిపుండయ్యేది. పెళ్లిళ్ల కాలమంతా మగ్గం ఖాళీగా ఉంది. "మగ్గపోల్ల ఇంట్ల పుట్టి, మగ్గం మీద ఎట్ల కూసుంటరో మర్సినవా? చెయ్యి బాగు చేసినవ్, కూసునే చోటు ఖరాబ్ చేసినవ్," అని పెద్దమామ తిట్టాడు. వేరే ఊరి డాక్టరైతే తెలియక చేశాడనుకోవచ్చు. మామకు అలా తప్పించుకునే వీలు లేకపోయింది.

అప్పటి నుంచి ఆయన కత్తి పట్టే ముందు ఒక ప్రశ్న అడిగేవాడు. ఏం పని చేస్తవ్, ఎట్ల కూసుంటవ్? గట్టు ఊరి నుంచి వచ్చిన రైతును వసారాలో గొంతుక్కూర్చోబెట్టి కలుపు తీసినట్టు ముందుకు జరగమన్నాడు ఒకసారి. మందు కొట్టే పంపు ఏ భుజానికి తగిలించుకుంటావో చూపించమన్నాడు. రైతు పరేషాన్ అయ్యాడు. "నా పుండు కాలికి గదా సారూ, భుజం ఎందుకు?" అన్నాడు. "కాలుకు ఏస్త. ఏడికెళ్లి తియ్యాలె? ఇచ్చే చోటు గూడ పుండే అయితది, దాన్ని ముందుగాల అడగాలె," అన్నాడు మామ. తన దగ్గర చదువుకునే పిల్ల డాక్టర్లకు కూడా ఇదే పాఠం. ఆ ప్రశ్న అడగకుండా ఎవరైనా చర్మం తీసే కత్తి ముట్టుకుంటే బయటికి పంపేసేవాడట.

నన్నూ అడిగాడు. చిన్నప్పుడు పడుగు నూలుకు పట్టించే గంజి మరుగుతుంటే పరుగెత్తి నేనా గిన్నె మీద పడ్డాను. మెడ, ఛాతీ కాలాయి. మానుతూ మానుతూ చర్మం ముడుచుకుపోయి గడ్డాన్ని కిందికి లాగేసింది. నేల తప్ప ఏమీ కనిపించేది కాదు. గ్లాసెత్తి నీళ్లు తాగలేను, తల వెనక్కి వంగదు కదా. అమ్మ చెంచాతో పోసేది. మామ నన్ను హైదరాబాదు తీసుకుపోయి, వార్డులో నేల మీద తాను కూడా చతికిలబడి, "ఏం పని చేస్తవ్ కోడలా?" అన్నాడు. బడికి పోత అన్నాను. "బడిల ఎట్ల కూసుంటవ్?" అన్నాడు. బాసింపట్టు వేసి చూపించాను. నా చుట్టూ తిరిగి ఏ చోటు నేలకు తగులుతుందో, ఏది తగలదో చూశాడు. ఇంత పెద్ద మనిషి నా కూర్చోవడం గురించి ఆలోచిస్తున్నాడని నాకు భలే గర్వమనిపించింది. కట్లు విప్పిన రోజు పైకి చూడమంటే చూశాను. పైన ఫ్యాను తిరుగుతోంది. అంత అందమైన ఫ్యానును నేను మళ్లీ చూడలేదు.

నాకు వేసింది నా చర్మమే కాబట్టి నిలబడిపోయింది. ఒళ్లంతా కాలిన వాళ్లకు తీయడానికి సొంత చర్మం మిగలదు. అప్పుడు చనిపోయిన వాళ్లు ఇచ్చి, స్కిన్ బ్యాంకులో దాచిన చర్మం కప్పుతారు. అది కొద్ది వారాలే ఉంటుంది. తర్వాత ఒళ్లు ఇది నాది కాదని గుర్తుపట్టి వదిలేస్తుంది. ఆలోగా ఒంట్లో నీరు పోకుండా, చీము పట్టకుండా మనిషిని కాపాడుతుంది, సొంత చర్మం కొద్దికొద్దిగా పెరగడానికి వ్యవధి ఇస్తుంది. "అరువు దుప్పటి అనుకో. చలి దాటిస్తె సాలు," అనేవాడు మామ. కానీ ఆయనకు చాలలేదు. ఒకరి చర్మం ఇంకొకరికి శాశ్వతంగా నిలిచేలా ఎలా చేయాలన్నదే ఆయన పరిశోధన. దాన్ని మా ఎండల్లో చెడకుండా ఎలా దాచాలి, ఒళ్లు దాన్ని గుర్తుపట్టకుండా ఎలా మరిపించాలి, ఇవే ఆలోచనలు. గద్వాల వచ్చిన ప్రతిసారీ పెద్దమామ మగ్గం మీద నుంచి తలెత్తకుండా, "నిలవడ్డదా?" అని అడిగేవాడు. "ఇంక లేదన్నా," అనేవాడు మామ. రిటైరయ్యాక కూడా ఆ ప్రశ్న, ఆ జవాబు మారలేదు.

అన్నిటికంటే కష్టం చర్మం దొరకడం. ఏడుస్తున్న ఇళ్ల ముందు చెప్పులు విప్పి నిలబడి అడిగేవాడు. చాలామంది పొమ్మనేవారు. కొందరు కొట్టడానికొచ్చారు. ఎవరైనా ఇస్తే ఆ ఐస్ డబ్బా కారులో పెట్టుకుని తానే తీసుకుపోయేవాడు. హైదరాబాదు దారిలో కొత్తకోట వచ్చిందంటే ధాబా ముందు చాయకు ఆగకుండా ఆయన కారు కదిలేది కాదు, అది మా ఇంట్లో పెద్ద జోకు. డబ్బా ఉన్న రోజు మాత్రం ఆగేవాడు కాదు.

ఊళ్లో అందరినీ అడిగినవాడు తనది ఇవ్వకుండా ఎలా పోతాడు? తన చర్మం ఇవ్వాలని పదేపదే చెప్పాడు. ఒప్పుకోనిది పెద్దమామ ఒక్కడే. "నీళ్లు పొయ్యాలె, పసుపు పుయ్యాలె, మా చేతులతోని సాగదోలాలె. తోలు లేని ఒంటికి పసుపు ఏడ పూస్తం?" అనేవాడు. ఉల్లిపొరంత పలుచగా తీస్తారు, ముఖం ముట్టరు, చేతులు ముట్టరు అని మామ చెప్పేవాడు. "నువ్వెన్ని జెప్పినా నేనుండంగ కానియ్య," అనేవాడు అన్న. అన్నం దగ్గర మొదలైన ఆ గొడవ చేతులు కడుక్కున్నా తెగేది కాదు.

అందుకే ఆ పొద్దున హైదరాబాదుకు ఫోన్ చేసి బస్సెక్కాక గంటలు లెక్కేసుకోవడం మొదలుపెట్టాను. చర్మం ఆరు గంటల్లోపు తీయాలి. వాళ్లు రావడానికే నాలుగు గంటలు పడుతుంది. ఈలోగా మా వాడకట్టు ఊరుకోదు. మనిషి పోయాడంటే పొయ్యి మీద నీళ్లు పడతాయి. వేడినీళ్లు పోసి, నూనె రాసి, పసుపు పూసేస్తారు, ఆ తర్వాత ఎవరొచ్చినా లాభం లేదు. జీవితమంతా పరాయి ఇళ్లల్లో కాదనిపించుకున్న మనిషికి సొంత ఇంట్లో కూడా అదే జరుగుతుందేమోనని బీచుపల్లి వంతెన దాటేదాకా ఒకటే దిగులు. పెద్దమామతో ఏం మాట్లాడాలో, ఎలా కాళ్లు పట్టుకోవాలో మనసులో అనుకుంటూ పోయాను.

వాకిట్లో పొయ్యి ఉంది, మీద కాగు ఉంది. కింద కట్టెలు నల్లగా తడిసి పొగలు కక్కుతున్నాయి. పెద్దమామ గడపకు అడ్డంగా కూర్చుని ఉన్నాడు. లోపలికి పోబోతున్న ఆడవాళ్లను చేత్తో ఆపుతున్నాడు. నన్ను చూసి, "పొయ్యిల నీళ్లు గుమ్మరించిన. ఫోన్ చేసినవా? బయిలెల్లిండ్రా?" అన్నాడు.

బయల్దేరారు పెద్దమామా అన్నాను. నమ్మలేక అలాగే నిలబడిపోయాను. నా ముఖం చూసి అర్థమైనట్టుంది. "వాడు ఇగ కొట్లాడడు గద. నేనొక్కణ్ణే ఎంతసేపని కొట్లాడాలె," అన్నాడు. నేను ఆయన పక్కనే కూలబడి ఏడ్చాను. అది దుఃఖమో నిశ్చింతో ఆ క్షణంలో నాకే తెలియలేదు. ఇప్పుడు తెలుసు, ఎక్కువ పాలు నిశ్చింతే.

వ్యాను వేళకే వచ్చింది. వచ్చిన డాక్టరమ్మ మామ దగ్గర చదువుకున్న అమ్మాయే, తిమ్మాజిపేట పిల్ల. సారు ముఖం చూసింది. తర్వాత కళ్లు తుడుచుకుని, చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, పెద్దమామ వైపు తిరిగి, "పెద్దయ్యా, సార్ ఎట్ల కూసుంటుండె?" అంది. అలవాటు. అడిగాక ఏం అడిగిందో తెలిసి నాలుక కరుచుకుంది.

పెద్దమామ నవ్వలేదు. లోపల పడుకున్న తమ్ముడిని చూశాడు. తర్వాత తన ముంజేతి మీది పాత అతుకును ఇంకో చేత్తో రుద్దుకున్నాడు.

"ఇగ ఏడ గూసుంటడు బిడ్డా. ఏడన్న తీస్కో," అన్నాడు.

అప్పుడు ఏడ్చింది అత్తమ్మ. మామ చెప్పినట్టే, ఫోన్ అయ్యాక, మస్తుగా.

వాళ్లు పని ముగించి తెల్లటి కట్లు శుభ్రంగా చుట్టి ఇచ్చారు. ముఖం, చేతులు, పాదాలు ఎప్పటిలాగే ఉన్నాయి. పెద్దమామే పసుపు పూశాడు, ఎక్కడా తొందర లేకుండా. పూసేంత చోటు మిగిలిందన్న తృప్తి ఆయన ముఖంలో నేను చూశాను. అంతకు ముందే ఐస్ డబ్బాతో వ్యాను కదులుతుంటే కిటికీ దగ్గరికి పోయి డ్రైవర్‌తో, "కొత్తకోట కాడ చాయకు ఆపకుండ్రి," అన్నాడు. "డబ్బా ఉన్నప్పుడు ఆగం పెద్దయ్యా, సార్ నేర్పిచ్చిండు," అంది లోపలి నుంచి డాక్టరమ్మ.

ఇటీవల బడి పని మీద హైదరాబాదు పోయి తిరిగి వస్తూ కొత్తకోటలో బస్సు దిగాను. వనపర్తి బస్సు కోసం చూస్తుంటే ఆ డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఎవరికి వేశారో చెప్పదు, చెప్పకూడదు. ఒక ఆడమనిషి అని మాత్రం అంది. సొంత చర్మం వచ్చిందట, ఇంటికి పోయిందట. వెంటనే పెద్దమామకు ఫోన్ చేశాను. వెనక మగ్గం చప్పుడు ఆగింది.

"నిలవడ్డదా?" అన్నాడు.

"లేదు పెద్దమామా. కొన్ని వారాలుండి ఊడొచ్చిందంట. ఆమె మాత్రం బతికి ఇంటికి పోయింది."

"మంచిది," అన్నాడు. తర్వాత, "ఏడున్నవ్?" అన్నాడు. కొత్తకోట అన్నాను.

"ఇయ్యాల డబ్బ లేదు గద. జర కూసొని చాయ తాగి పో."

ధాబా ముందు బల్ల మీద కూర్చున్నాను. లారీలు పోతున్నాయి, చాయ వేడిగా ఉంది, బస్సు ఒకటి వచ్చి పోయింది, పోనిచ్చాను. చివరి గుక్క కోసం తల బాగా వెనక్కి వంచి గ్లాసు ఎత్తాను.