సూర్యలంక శిబిరానికి నేను చదివిన దొంగ చదివింపు

బాపట్ల సముద్రాన్ని మూడు రోజులు అద్దెకు తీసుకున్న మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. వాడు నేనే.

సరే, సముద్రం కాదు. సముద్రానికి ఈవల, సూర్యలంక దారిలో సరుగుడు తోపు పక్కనున్న ఒక విడిది. అదీ నేను తీసుకోలేదు, తెనాలి కమిటీ తీసుకుంది. ఆ కమిటీలో నేను సభ్యుణ్ణి. సభ్యుణ్ణి అంటే, పొద్దున నడకకి వచ్చే పదిమంది పెద్దమనుషులు టీ తాగుతూ మంచి పనుల గురించి మాట్లాడుకునే చోట నేనూ టీ తాగుతాను. నడవను. మా ఆవిడ నేను చెప్పిన ప్రతి అంకెనూ నాలుగుతో భాగించి వింటుంది. చదివేవాళ్లు కూడా అలాగే చేస్తే ఇద్దరికీ సుఖం.

నాది తెనాలి స్టేషన్ దగ్గర మైకుసెట్ల షాపు. ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ, మైకులో మాత్రం నలభై ఏళ్లుగా తెలుగే. డెల్టాలో నా గొంతు వినపడకుండా ఒక్క పెళ్లి కూడా జరగలేదు. ఈ వాక్యం కొట్టేయాలి, చాలానే జరిగాయి. కానీ చదివింపుల దగ్గర నన్ను మించినవాడు లేడన్నది నిజం. భోజనాలు కాగానే బంధువులు బల్ల దగ్గరికొచ్చి కొత్త జంటకి కానుక డబ్బులిస్తారు. ఒకడు పుస్తకంలో రాస్తాడు, ఇంకొకడు ఎవరెంత ఇచ్చారో మైకులో చదువుతాడు. ఆ రెండోవాణ్ణి నేను. నా దగ్గరొక విద్య ఉండేది. ఏ పిసినారి మేనమామో నూటపదహార్లు పెడితే నేను ‘వెయ్యి నూటపదహార్లు’ అని చదివేసేవాణ్ణి. పందిరంతా విన్నాక ఆయన ఏం చేస్తాడు? నన్ను కొరికేసేలా చూస్తూ మిగతాది కూడా తీసి బల్ల మీద పెడతాడు. నలభై ఏళ్లలో ఒక్కడంటే ఒక్కడు లేచి ‘నేనంత ఇవ్వలేదు’ అనలేదు. మైకులో పడ్డ మాటను వెనక్కి తీసుకోవడం మా వైపు పరువు తక్కువ. ఆడపెళ్లివారు నన్ను ఏరికోరి పిలిచేది నా గొంతు చూసి కాదని నాకూ తెలుసు.

ఇక శిబిరం సంగతి. గుంటూరులో పిల్లల క్యాన్సర్ చూసే ఒక డాక్టరమ్మ మా టీ బల్ల దగ్గరికే వచ్చింది. మనిషి చిన్నది, మాట మెత్తన.

“రెండేళ్లుగా ఈ పిల్లలు ఏదడిగినా వద్దనే చెప్తున్నామండి. మట్టిలో ఆడొద్దు, నీళ్లలో దిగొద్దు, నలుగురిలోకి పోవద్దు. ఒక్క మూడు రోజులు నర్సుల్నీ మందుల్నీ పక్కన పెట్టుకుని, వాళ్లని ఆరుబయట వదలాలని ఉంది” అంది.

ఇరవై మంది పిల్లలు, ఒక్కొక్కరికి తోడుగా ఇంటి మనిషి. విడిది కమిటీ చూసుకుంది. దుప్పట్లు, బంతులు, గాలిపటాలు, రంగులు తలా కాస్త ఒప్పుకున్నారు. మిగిలినవి మూడు. బస్సు, వెంట ఉండే అంబులెన్సు, అక్కడికక్కడ శుభ్రంగా వండిపెట్టే వంటమనిషి.

ఆ ఇరవై మందిలో ఒక పిల్ల నాకు ముందే తెలుసు. చెరుకుపల్లి పక్కన పల్లె. తొమ్మిదేళ్లు. తల్లీ కూతురూ రేపల్లె రైల్లో తెనాలి దిగి, గుంటూరు బండి వచ్చేదాకా నా షాపులో బెంచీ మీద కూర్చునేవాళ్లు. ప్లాట్‌ఫారం మీద జనం దగ్గూ తుమ్మూ ఆ పిల్లకి పడవు. జుట్టంతా రాలిపోయిన తలకి ఊలు టోపీ, మూతికి మాస్కు, ఆ రెంటికీ మధ్య రెండు కళ్లు. ఆ కళ్లతోనే నన్ను ఎగతాళి చేసేది.

“ఏంటి తాతా, ఇన్ని మైకులున్నాయి, ఒక్కటీ పలకదేంటి?”

“పలికితే తెనాలి తట్టుకోలేదమ్మా.”

“రిపేరని చెప్పొచ్చుగా.”

రిపేరే. ఆ పిల్లకి సముద్రం చూడాలని ఉంది. తండ్రి తీసుకెళ్తానన్న వేసవిలోనే జ్వరం మొదలై, జబ్బు బయటపడింది. అప్పట్నుంచి ఆస్పత్రికీ ఇంటికీ తిరగడమే. శిబిరం ఆదివారంతో ముగుస్తుంది. ఆ మర్నాడు సోమవారం నుంచి ఆ పిల్లకి తర్వాతి విడత మందు. అది గట్టి మందు, మొదలైతే ఆర్నెల్లు గడప దాటకూడదు. అంటే శిబిరం ఆ శుక్రవారం నుంచి ఆదివారం దాకా జరిగితేనే ఆ పిల్ల సముద్రం చూస్తుంది. ఒక్క వారం ఆలస్యమైందా, మిగతా పంతొమ్మిది మంది వెళ్తారు, ఈ పిల్ల వెళ్లదు.

“నిన్ను సముద్రంలో నిలబెట్టే పూచీ నాది” అన్నాను ఒకరోజు, షాపులో నా మాటకి ఎదురు లేదు కదా అన్న ధీమాతో.

తర్వాతి వారం వాళ్లమ్మ చెప్పింది. “వెన్నులో సూది వేయాలంటే నలుగురు పట్టుకోవాలి బాబాయిగారూ దీన్ని. నిన్న కిక్కురుమనకుండా పడుకుంది. తాత మాటిచ్చాడు, నేను ఏడిస్తే డాక్టరమ్మ పంపదు అంటంది.”

ఆ మాట వినగానే నాకు ఛాతీ పొంగింది. భయపడాల్సిన చోట పొంగింది, అదీ నా జబ్బు. ఆ పొంగుతోనే మర్నాడు కమిటీలో చెప్పేశాను. “బస్సూ, అంబులెన్సూ, మూడు రోజుల వంటా మొత్తం దుగ్గిరాల పసుపు షావుకారు చూసుకుంటున్నాడు. నాకు మాటిచ్చాడు.”

ఆయనిచ్చిన మాట ఏమిటంటే, దుగ్గిరాల యార్డులో పసుపు కొమ్మొకటి విరిచి లోపలి రంగు చూసుకుంటూ, “చూద్దాంలెండి సాయిబుగారూ” అన్నాడు. నా మొహం కూడా చూడలేదు. ఆ ‘చూద్దాం’ ఏ జాతిదో తెలియనంత పసివాణ్ణి కాదు. కానీ ఆ మాఘమాసంలోనే తెనాలిలో ఆయన మేనకోడలి పెళ్లి. చదివింపుల మైకు నాది. ఇంకేం కావాలి?

పెళ్లి రోజున ఆయన బల్ల దగ్గర కవరు పెట్టి వెనక్కి తిరగ్గానే అందుకున్నాను. “దుగ్గిరాల వాస్తవ్యులు, పెళ్లికూతురి మేనమామగారు, మేనకోడలికి కానుకతో పాటు, క్యాన్సర్ పిల్లల సముద్రతీర శిబిరానికి బస్సూ అంబులెన్సూ మూడు రోజుల భోజనాలూ చదివించారు!”

హాలంతా చప్పట్లు. షావుకారు తాంబూలం నములుతూ నెమ్మదిగా నా దగ్గరికి వచ్చాడు. అందరిలాగే చచ్చినట్టు ఒప్పుకోవడానికి వస్తున్నాడనుకున్నాను. ఆయన నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

“అందరికీ నమస్కారమండి. నేను బస్సూ చదివించలేదు, అంబులెన్సూ చదివించలేదు. సాయిబుగారు కోతలు కోశారు. భోజనాలు బాగున్నాయి, అందరూ తిని వెళ్లండి.”

మైకు బల్ల మీద పెట్టి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. “ఇవ్వనని కాదండి. నా చెయ్యి ఇంకొకరు పట్టుకుని నా జేబులో పెట్టడం నాకు పడదు.”

నలభై ఏళ్ల విద్య, తాంబూలం నమిలినంత సేపట్లో పోయింది. పోతే పోయింది, నవ్వుల పాలవడం నాకు కొత్త కాదు. అసలు దెబ్బ మర్నాడు తగిలింది. దుప్పట్లు ఇస్తానన్నాయన ఫోన్ ఎత్తలేదు. బంతుల షాపాయన, “అసలు శిబిరమనేది ఉందాండీ, అదీ సాయిబుగారి కోతేనా?” అని కమిటీ సెక్రటరీనే అడిగాడట. సెక్రటరీ నా ముందు టీ గ్లాసు గట్టిగా పెట్టాడు.

“ఏప్రిల్‌కి వాయిదా వేద్దామండి. జనం ఇది మర్చిపోవాలి ముందు.”

“ఏప్రిల్లో అయితే ఆ పిల్లకి రావడానికి కుదరదండి.”

“అది మైకు పట్టుకోక ముందు ఆలోచించాల్సింది.”

శిబిరానికి పది రోజులుంది. మర్నాడు తల్లీ కూతురూ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. పిల్ల తలుపు దగ్గర నిలబడి రైళ్లు చూస్తోంది. నేను తల్లికి గొంతు తగ్గించి మొత్తం చెప్పాను. షావుకారు ఒప్పుకోలేదనీ, నేను కల్పించాననీ, ఇప్పుడు వాయిదా అంటున్నారనీ. కోప్పడుతుందనుకున్నాను. ఏడుస్తుందని కూడా అనుకున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని నన్ను తేరిపార చూసింది.

“నా చెవిలో చెప్తున్నారేంటి బాబాయిగారూ? మైకులో చెప్పిన అబద్ధానికి బెంచీ మీద నిజం చాలుద్దా?”

ఆ గురువారం రేపల్లెలో పెళ్లి. పెళ్లివారికి ముందే చెప్పాను, చదివింపులకు ముందు రెండు నిమిషాలు నాకు కావాలని. వాళ్లకి నేనేం చెప్తానో తెలియదు. నాకూ తెలియదు. బాగానే ఉన్న మైకుని రెండుసార్లు తట్టి చూశాను.

“అయ్యా, అమ్మా. మొన్న తెనాలి పెళ్లిలో దుగ్గిరాల షావుకారుగారు బస్సు చదివించారని చెప్పింది నేను. ఆయన చదివించలేదు. నేనే కల్పించాను. ఇన్నేళ్లూ మీలో చాలామందికి నూరుని వెయ్యి చేసి చదివింది కూడా నేనే. శిబిరం మాత్రం నిజం. గుంటూరు డాక్టరమ్మ నిజం, ఇరవై మంది పిల్లలు నిజం. బస్సు లేదు, అంబులెన్సు లేదు, వంటమనిషి లేడు. వచ్చే శుక్రవారం దాటితే ఒక పిల్లకి కుదరదు. ఇంతే. నేనెవరి పేరూ చదవను.”

ముందు వరసలో ఒక ముసలావిడ పకపకా నవ్వింది. “ఓరి నీ ఇల్లు బంగారం గానూ! మా తమ్ముడి పెళ్లికి మా ఆయన చదివించింది నువ్వే పెంచావటయ్యా?”

“అవునమ్మా.”

“ఎంత పెంచావు?”

“గుర్తులేదమ్మా.”

గుర్తుంది. ఆమె భర్త పక్కనే కూర్చున్నాడు, అంతకంటే చెప్పలేను.

నవ్వులు సర్దుకున్నాక మామూలు చదివింపులు సాగాయి. నేను ఒక్క రూపాయి కూడా పెంచలేదు, నా జీవితంలో అంత చప్పగా ఎప్పుడూ చదవలేదు. బల్ల ఎత్తేసే వేళకి ఆ పెళ్లి వంటాయన తుండుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“వంట నేను చేస్తానండి. డాక్టరమ్మ ఎలా చెప్తే అలా, కాచిన నీళ్లతో, చేతులకి గ్లౌజులేసుకుని. కాకపోతే నా పేరు మాత్రం మీరు మైకులో చదవొద్దు.”

“ఎందుకయ్యా? మంచి పనేగా.”

“మీరు చదివితే నేను చెయ్యననుకుంటారండి.”

పెళ్లికొడుకు పెదనాన్నది చెరుకుపల్లిలో స్కూలు. శుక్రవారం పొద్దున తమ పిల్లల్ని దింపాక బస్సు తీసుకెళ్లండి, ఆదివారం సాయంత్రానికి తెచ్చిపెట్టండి అన్నాడు. నేను కమిటీకి చెప్దామని ఫోన్ తీస్తే, “ఉండండి, నా ఫోన్లోంచి నేనే చెప్తాను” అని సెక్రటరీ నంబరు అడిగాడు. అది ఆయన మర్యాద. సెక్రటరీ ఆ ఫోన్ పెట్టేసి దుప్పట్లాయనకి చేశాడట, దుప్పట్లాయన బంతులాయనకి. మధ్యలో నేను లేకపోవడం వల్ల పని ఎంత తొందరగా జరిగిందో చూస్తే కొంచెం బాధేసింది.

అంబులెన్సు మిగిలింది. అది లేకుండా బస్సు కదలదని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. బుధవారం దాకా ఏమీ తేలలేదు. మా ఆవిడ పక్కింటావిడతో నా గురించి మంచిగా మాట్లాడటం విన్నాను. అంటే పరిస్థితి అంత పాడైందన్నమాట. బుధవారం సాయంత్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది. “అంబులెన్సు కుదిరిందండి, మూడు రోజులూ మనతోనే ఉంటుంది.”

“ఎవరిచ్చారమ్మా?”

“మీకు చెప్పకూడదన్నదొకటే వాళ్ల షరతండి.”

మర్నాడు పొద్దున్నే దుగ్గిరాల వెళ్లాను. షావుకారు నాకు కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు, ఆ ఏడు పసుపు రాబడి గురించి మాట్లాడాడు. అంబులెన్సు మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తకుండా మజ్జిగ తాగి వచ్చేశాను. ఆయనో, ఇంకెవరో, ఇప్పటికీ నాకు తెలియదు. తెలుసని చెప్పాలని నాలిక దురద పెడుతోంది. తెలియదు.

శుక్రవారం బస్సు బయలుదేరింది. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. కాదు, చివరి సీట్లో, బియ్యం బస్తాల పక్కన. సూర్యలంకలో ఆ సాయంత్రం పిల్లలు తోపులో గాలిపటాలెగరేశారు, ఇసకలో దొర్లారు. దొర్లొద్దని చెప్పబోయిన తల్లుల్ని డాక్టరమ్మే ఆపింది. శనివారం పొద్దున నర్సు ఆ పిల్లకి జ్వరం చూసింది, లేదు. చేతికున్న మందు గొట్టం తడవకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేసింది. మోకాళ్ల కిందిదాకానే, పది నిమిషాలే అంది. తల్లి ఒక పక్కనుంది.

“తాతా, రా” అంది పిల్ల.

నేను చెప్పులు విప్పడం మొదలుపెట్టాను. విప్పుతూనే ఉన్నాను.

“ఏంటి తాతా, చెప్పులు కూడా రిపేరా?”

అప్పుడు చెప్పాను. డెబ్బై ఎనిమిదేళ్లు సముద్రానికి గంట దూరంలో బతికాను. ఇదే తీరంలో ఎన్నో సభలకి మైకులు కట్టాను. ఒక్కసారీ నీళ్లలో కాలు పెట్టలేదు. నాకు నీళ్లంటే భయం.

పిల్ల నా పక్కకి వచ్చింది. “పోన్లే. నా చెయ్యి పట్టుకో. అది కాదు, దానికి గొట్టముంది. ఇటు చెయ్యి.”

వెళ్లాం. మొదటి అల చీలమండలు దాటింది. చల్లగా ఉంది. అది వెనక్కి పోతూ నా కాళ్ల కింది ఇసకని లాక్కుపోయింది, భూమే జారిపోతున్నట్టయి పిల్ల భుజం గట్టిగా పట్టుకున్నాను.

“పెద్దాయనా! పాప మీద బరువెయ్యకండి!” వెనక నుంచి నర్సు అరిచింది.

వదిలేశాను. పడలేదు. పిల్ల నా వైపు చూడనైనా చూడకుండా వాళ్లమ్మ వేలు పట్టుకుని ఇంకో అడుగు ముందుకేసింది.