మేళానికి ఒక సాయంత్రం

కర్నూలు ఊరు పెరుగుతూ పెరుగుతూ మా చెరువు దాకా వచ్చి ఆగింది. కట్టకు కంచె వేసి, సిమెంటు బెంచీలు పోసి, పార్కు అని బోర్డు పెట్టారు. ఆ కట్ట మీద నడిచేవాళ్లమంతా కలిసి క్లబ్బు ఒకటి పెట్టుకున్నాం. ఎండాకాలంలో ప్రతి ఆదివారం సాయంత్రం అక్కడ కచేరీ జరుగుతుంది. ఇళ్లల్లో గోడలు పడుకునే వేళ దాకా సెగలు కక్కుతుంటాయి కాబట్టి పాట కోసం వచ్చేవాళ్లకంటే గాలి కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. చెరువు నిండుగా ఉన్న ఏడు నిజంగానే చల్లగాలి వస్తుంది. లేని ఏడు బురద వాసన వస్తుంది. రెంటికీ అలవాటుపడ్డాం.

క్లబ్బు అధ్యక్షుడు బట్టల అంగడి యజమాని. నేను ఉపాధ్యక్షుణ్ణి. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. నిప్పుల గుండం తొక్కేవాళ్లతో, తాయెత్తులు కట్టేవాళ్లతో, దయ్యాలు విడిపించేవాళ్లతో వేదికలెక్కి వాదించడంలోనే నా సగం జీవితం గడిచింది. ఆ వాదాల్లో నేను ఓడిపోయిన గుర్తు లేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఎదుటివాడు జారిపోయే సందులన్నీ ముందే మూసేసి వాదం మొదలుపెట్టేవాణ్ణి. అది నా పద్ధతి. ఈ రాసేది ఆ పద్ధతి గురించే.

మా కచేరీలకు ఒక ఆచారం ఉంది. ఎవరి పాట కచేరీ అయినా ముందు పది నిమిషాలు నాదస్వరం వాయించాలి. ఆ పది నిమిషాల్లో జనం కుర్చీలు లాక్కుంటారు, మజ్జిగ గ్లాసులు అందుకుంటారు, పిల్లల్ని పిలుచుకుంటారు. ఒక్కరూ వినరు. నాదస్వరం వాయించే పెద్దాయనది వేంపల్లె పక్క ఒక ఊరు. పెళ్లయినప్పటి నుంచి కర్నూల్లోనే ఉంటున్నాడు. పక్కన డోలు వాయించేది ఆయన అల్లుడు. మంగలి కులంలో పుట్టి తాతల నాటి నుంచి ఇదే విద్య. పాటగాళ్లకు వేదిక మీద తివాచీ, మెడలో శాలువా. వీళ్లకు వేదిక కింద మెట్టు పక్కన జాగా. నేను కులం మీద అన్ని వ్యాసాలు రాసినవాణ్ణి, ఆ మెట్టును చాలా ఏళ్లు చూస్తూనే ఉన్నాను.

ఒకరోజు పొద్దున కట్ట మీద ఆయనే నన్ను ఆపాడు.

"సార్, ఒక్క సాయంత్రం ఇప్పీండి. తాళి కట్టేటప్పుడు ఊదుతాం, అన్నాలకాడ ఊదుతాం, పీనుగ లేస్తే ఊదుతాం. కూకోని వినేటోళ్ల ముందర తోడి రాగం గంటసేపు వాయించింది లేదు. ఒంటిమిట్ట కల్యాణంలోనే పావుగంటకు మైకు తీసేసిరి. నాకు వయసైపోతాండాది."

"ఇప్పిస్తాను పెద్దాయనా. ఇది నా పూచీ," అన్నాను.

ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. దండాలు పెట్టొద్దని ఆయనకొక చిన్న ఉపన్యాసం ఇచ్చి నడకకు పోయాను.

ఆ ఏడు చెరువు సగానికి పైగా ఎండింది. కాలనీలో బోర్లు ఒకదాని తర్వాత ఒకటి గాలి కక్కుతున్నాయి. ఎండాకాలం కచేరీల గురించి మాట్లాడుకోవడానికి కమిటీ పార్కులోనే కూర్చుంది. పెద్దాయన అడిగిన సాయంత్రం సంగతి నేనే లేవనెత్తాలని ఆయన్నూ రమ్మన్నాను. కానీ అధ్యక్షుడు ముందే నోరు తెరిచాడు.

"ఏమప్పా, ఈ తూరి కచేరీలకు ముందు వాన కోసం ఏమన్నా చేద్దామా? చెరువులో నిలబడి అమృతవర్షిణి వాయిస్తే వాన పడ్తాదంట. మనకు మేళం ఉండనే ఉండాది."

పాత సినిమా పాటలు కరోకేలో పాడే రిటైర్డు బ్యాంకు మేనేజరు నవ్వాడు. "మేళమెందుకప్పా, నేను వాన పాట ఎత్తుకుంటే మేఘాలే పారిపోతాయి."

"అందుకే నీకు మైకు ఇయ్యంది," అన్నాడు అధ్యక్షుడు. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, "మూడు సాయంత్రాలు వాయించప్పా. కడాపటి ఆదివారం కచేరీ నీకే ఇస్తాం. వేదిక మీదనే," అన్నాడు.

పెద్దాయన నా వైపు చూశాడు. అప్పుడు నేను అనాల్సిన మాట ఒక్కటే. "ఆయన కచేరీకీ వానకూ సంబంధం లేదు, ఆ ఆదివారం ఆయనకు ఊరికే ఇవ్వండి" అని. ఆ మాటకు అడ్డు చెప్పేవాళ్లు కూడా అక్కడ లేరని ఇప్పుడు తెలుస్తోంది. కానీ నా చెవిలో పడింది అమృతవర్షిణి, వాన. లేచి నిలబడ్డాను. మేఘానికి చెవులున్నాయా అన్నాను. సముద్రం మీద గాలి ఎట్లా వేడెక్కుతుందో, తేమ ఎట్లా పైకి పోతుందో చెప్పాను. వాళ్లు తలలూపారు కానీ ఒప్పుకోలేదు. అందుకని సవాలు చేశాను. సరే, వాయించండి, వాన రాకపోతే రాలేదని మైకులో చెప్పాలి అన్నాను.

"చెప్తాం పో," అన్నాడు అధ్యక్షుడు. "పెద్దాయన గదా, ఆ చెరువు కింది మెట్టు మీద నిలబడితే సాలు. పాదాలు తడిస్తే సాలు."

"చాలదు," అన్నాను. "రేపు వాన రాకపోతే శాస్త్రప్రకారం చేయలేదంటారు. ఆచారంలో ఎట్లుందో అట్లే చేయాలి. మొల లోతు నీళ్లు. ఉత్త కాళ్లు. మూడు సాయంత్రాలు, గంట చొప్పున."

కాగితం తీసి రాశాను కూడా.

అప్పుడు పెద్దాయన మెల్లగా అన్నాడు. "సార్, నాకు సక్కెర ఉండాది. కాళ్లు మొద్దుబారిపోయినాయి. ముల్లు ఇరిగినా తెలీదు. చెప్పులన్నా ఏసుకుంటా."

"చెప్పులేసుకుంటే ఆ వంక పట్టుకుంటారు పెద్దాయనా. మూడు దినాలే కదా."

అధ్యక్షుడు తొడ చరిచి నవ్వాడు. "చూడండ్రప్పా, సారు మనకంటే పెద్ద ఆచారపరుడైపోయినాడు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పెద్దాయన కూడా, మేమంతా నవ్వుతున్నాం కాబట్టి నవ్వాడు. కాగితం మీద అధ్యక్షుడూ నేనూ సంతకాలు పెట్టాం. ఆయన సంతకం అడగాలని ఎవరికీ తోచలేదు.

మొల లోతు నీళ్లు కావాలంటే చెరువు నడుమకు పోవాలి. కింది మెట్టు దగ్గర పాదాలు మునిగేన్ని నీళ్లే, అక్కడి నుంచి నడుమ దాకా అడుగంతా నల్లటి బురద. ప్రతి వినాయక చవితికీ విగ్రహాలు వేసేది ఆ చెరువులోనే. మట్టి కరిగిపోతుంది. లోపలి ఇనుప కమ్మీలు, తీగలు, మేకులు కొట్టిన చెక్కలు బురదలో మిగిలిపోతాయి. విగ్రహాల వల్ల చెరువులు పాడవుతున్నాయని నేనే ఒక వ్యాసం రాశాను. అడుగున ఏముందో నాకు తెలియకపోలేదు. తెలిసిన సంగతి ఆ పూట నాకు పనికి రాలేదు, అంతే.

మూడు సాయంత్రాలూ ఆయన పంచె ఎగగట్టి, నాదస్వరం నెత్తికి ఎత్తి పట్టుకుని బురదలో దిగాడు. అల్లుడు గట్టు మీద కూర్చుని డోలు వాయించాడు. నేను గడియారం చూసుకుంటూ మెట్టు మీద నిలబడ్డాను. జనం బాగానే వచ్చారు. సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. వేదిక మెట్టు పక్కన వాయించినప్పుడు ఒక్కసారి కూడా ఇటు తిరగనివాళ్లు ఆయన్ను నీళ్లలో నిలబెట్టాక కళ్లార్పకుండా చూశారు. ఆయన ఎంత బాగా వాయించాడో చెప్పే అర్హత నాకు లేదు. నేను వినడం లేదు, ఆకాశం చూస్తున్నాను.

మా కాలనీలో చుక్క పడలేదు. మూడో రోజు నందికొట్కూరు వైపు మెరిసింది. తెల్లవారి అక్కడ జోరువాన పడిందని తెలిసింది.

"చూసినావా సార్, వాన లేసింది. గాలికి అటు పోయింది," అన్నాడు అధ్యక్షుడు.

"నందికొట్కూరులో ఎవరు వాయించారు?" అన్నాను.

దాని మీద నాలుగు రోజులు కొట్లాడుకున్నాం. పత్రికకు వ్యాసం రాశాను. నిబంధనలు ఎంత కట్టుదిట్టంగా పెట్టామో వివరంగా రాశాను. మొల లోతు, ఉత్త కాళ్లు, అన్నీ. అచ్చయిన రోజు చాలామంది మెచ్చుకుని ఫోన్లు చేశారు. వాటి నడుమ ఒక ఫోను పెద్దాయన కూతురిది.

"సార్, మా నాయన కాలు వాచి నల్లగైంది. పాదం కింద ఏదో దిగబడి లోపలే ఇరిగింది. ఆయప్పకు తెలీనే లేదు. వాసనొస్తాంటే నేను చూస్తి."

మోకాలి కింద తీసేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే మనిషే దక్కేవాడు కాదన్నారు. కమిటీ వాళ్లం ఆసుపత్రికి పోయి పండ్లు ఇచ్చి శాలువా కప్పాం. మంచం మీద పడుకున్న మనిషికి శాలువా కప్పితే దుప్పటిలాగే ఉంటుంది. ఫొటో తీసుకున్నాం. అందరూ బయటికి పోయాక ఆయన అడిగింది ఒక్కటే.

"కడాపటి ఆదివారం ఎప్పుడు సార్?"

అది అప్పటికే సినిమా పాటల బృందానికి ఇచ్చేశారు. పెద్దాయన ఎట్లాగూ రాలేడు కదా అన్నారు. ఆ మాట ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. "ముందు కోలుకో పెద్దాయనా," అన్నాను.

వాన విషయంలో నేను చెప్పిందే నిజం. ఇప్పటికీ అదే చెబుతాను. ఏ రాగానికీ ఏ మేఘమూ కరగదు. కానీ మా అధ్యక్షుడి మూఢనమ్మకం పెద్దాయన్ను కింది మెట్టు మీద, తడి పాదాలతో, ప్రాణానికి హాని లేకుండా నిలబెట్టేది. బురదలోకి నడిపించింది నా హేతువాదం. దీనికి సమాధానం వెతికాను. ఆచారమే లేకపోతే ఇదంతా జరిగేది కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. వేదిక మీద ఎవరైనా ఈ జవాబు చెప్పి ఉంటే ఒక్క నిమిషంలో చీల్చి పారేసేవాణ్ణి.

మరుసటి ఎండాకాలం కమిటీలో పట్టుబట్టి చివరి ఆదివారం ఆయనకు ఇప్పించాను. జనం రాకముందే తనను వేదిక ఎక్కించాలని ఆయన అడిగాడు. ఎత్తుకుని పోతుంటే చూడకూడదని. అల్లుడూ ఇంకొకతనూ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. నాదస్వరం నేల మీద కూర్చుని వాయించేది. కుర్చీలో ఊపిరి సరిగ్గా అందదట. ఏడాదంతా ఇంట్లో కుర్చీ మీద సాధన చేశాడని కూతురు చెప్పింది. పంచె కుచ్చిళ్లు ముందుకు లాగి లేని కాలును కప్పింది ఆమే.

ఏడు గంటలకు మొదలు. తొమ్మిదికి వాచ్‌మన్ పార్కు గేటు మూసేయాలి. అధ్యక్షుడు మైకు అందుకుని ఆయన్ను పరిచయం చేశాడు. "పోయినేడు వాన తెప్పించిన మేళగాడు ఈయప్పే!"

చప్పట్లు మోగాయి. వెనక నుంచి ఎవరో అరిచారు. "ఆ వాన రాగం వాయించు పెద్దాయనా!"

"అది వద్దు సామీ," అన్నాడాయన. "ఈ పొద్దు తోడి."

"ఒక్క రవ్వ వాయించప్పా, బోర్లు ఎండిపోతాండాయి!" అన్నారు ఇంకెవరో. నవ్వులు. ఆయన నాదస్వరానికి పెట్టే రెల్లు పీకను నోట తడుపుకుంటున్నాడు. ఇంకొక నిమిషం ఆగి ఉంటే ఆయనే మొదలుపెట్టేవాడు. జనం వాళ్లంతట వాళ్లే సర్దుకునేవాళ్లు.

నేను వేదికెక్కి మైకు లాక్కున్నాను.

వాన ఈయన తెప్పించలేదు అన్నాను. ఈయన కాలు పోవడానికి మీరూ నేనూ కారణం అన్నాను. అంతటితోనైనా ఆగి ఉండాల్సింది. అధ్యక్షుడు కింద నుంచి ఏదో అన్నాడు. దానికి జవాబు చెప్పాను. నందికొట్కూరు వాన సంగతి మళ్లీ వచ్చింది. దానికి జవాబు చెప్పాను. ఎవరో దేవుణ్ణి తెచ్చారు. దేవుడికీ జవాబు చెప్పాను. గొంతు బాగా పలుకుతోంది, మాటలు తోసుకుంటూ వస్తున్నాయి, చాలా రోజుల తర్వాత ఆ కట్ట మీద న్యాయం మాట్లాడుతున్నానని అనిపించింది. కొందరు లేచిపోయారు. కొందరు నా పక్షాన చప్పట్లు కొట్టారు.

పెద్దాయన కూతురు వేదిక మెట్టెక్కి నా మోచేయి పట్టుకుంది.

"సాలు సార్, దిగు. మా నాయన కూకోనుండాడు."

తిరిగి చూశాను. ఆయన నాదస్వరం ఒడిలో పెట్టుకుని, తడిపిన పీక ఆరిపోకుండా నోట్లోనే ఉంచుకుని, నా వైపు కాకుండా గేటు వైపు చూస్తున్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్ తాళం పట్టుకుని నిలబడ్డాడు. గడియారం చూశాను. ఎనిమిదిన్నర దాటింది.

నేను దిగాను. ఆయన తోడి ఎత్తుకున్నాడు. ఆ రాగం మెల్లగా, ఒక్కొక్క స్వరం దగ్గర నిలబడుతూ పైకి పోవాలట. ఆయనకు నిలబడే సమయం లేదు. ఎక్కడ ఆగాలనుకున్నాడో అక్కడ ఆగకుండా దాటుకుంటూ పోవడం నాబోటి సంగీతం రానివాడికి కూడా తెలిసింది. అల్లుడి డోలుకు వంతే రాలేదు. వాచ్‌మన్ రెండుసార్లు ఈల వేశాడు. మూడోసారి వేయకముందే ఆయన తనంతట తానే మంగళం వాయించి ముగించాడు.

కుర్చీలు ఖాళీ అయ్యేదాకా ఆయన్ను కదిలించలేదు. తర్వాత దించుతుంటే పోయి నా భుజం ఇవ్వబోయాను.

"వద్దులే సార్," అన్నాడాయన, కోపం లేకుండా. "అల్లుడుండాడు."

నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను. ఆయనా అల్లుడూ కూతురూ గేటు దాకా మెల్లగా పోయారు. వాచ్‌మన్ వాళ్ల కోసం తలుపు పట్టుకుని ఆగాడు.